లైలా గొంతు లైలాదే

గత నెల మా అమ్మీ కుడికంటికి మోతియా ఆపరేషన్ అయ్యింది. బంజారా హిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో. పంజాగుట్టలో మా ఇంటి నుంచి ట్రాఫిక్ లేకపోతే ఆటోలో పావుగంట. అమ్మీకి తోడుగా నేనూ, మా బాజీ కూతురూ వెళ్లాం. ఆ పిల్ల ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. పేరు రాయను. ఎందుకు రాయనో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

అమ్మీని లోపలికి తీసుకెళ్లాక మా ఇద్దరికీ బయట కూర్చోవడం తప్ప పనిలేదు.

"మామూ, ఈ ఎల్వీ ప్రసాద్ ఎవరు? పెద్ద డాక్టరా?" అని అడిగింది.

పాత సినిమాల మీద ఇన్నేళ్లుగా రాస్తున్నవాణ్ని. ఇలాంటి సవాల్ దొరికితే వదులుతానా! డాక్టరు కాదు బేటా, యాక్టరు అన్నాను. ఏలూరు దగ్గర సోమవరప్పాడు నుంచి ఇంట్లో చెప్పకుండా బొంబాయి వెళ్లిన కుర్రాడు. 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ సినిమాలో విడుదలైన మన దేశపు మొదటి టాకీ 'ఆలం ఆరా'లో చిన్న వేషం వేశాడు. మరుసటి ఏడాది మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో కూడా ఉన్నాడు. తర్వాత పెద్ద డైరెక్టరయ్యాడు. ఈ ఆసుపత్రికి జాగా, మొదటి సొమ్ము ఇచ్చింది ఆయన కుటుంబమే. 'ఆలం ఆరా' హీరోయిన్ జుబేదా కూడా తర్వాత మన హైదరాబాదు ధన్‌రాజ్‌గిర్ ఖాందాన్‌కి కోడలయ్యింది. ఇంత చెప్పాక ఆగొచ్చు కదా, ఆగలేదు. ఆ రోజుల్లో మైకును సెట్లోనే ఎక్కడో దాచేవారని, వాద్యాలవాళ్లు కెమెరా కంట పడకుండా ఓ మూల కూర్చునేవారని, హీరోయిన్ నటిస్తూనే పాడాలని, కాబట్టి సూరత్ ఒక్కటే ఉంటే సరిపోయేది కాదని, ఆవాజ్ కూడా ఉండాలని చెప్పుకుంటూ పోయాను.

"అంటే పాట రాకపోతే వేషం లేదా?"

"లేదు."

నవ్వింది. "మా ఇంట్లో ఉల్టా మామూ. పాట వస్తేనే ముసీబత్" అంది.

నా నోట మాట రాలేదు. అసలు ఖిస్సా ఇదీ. ఆరు నెలల కిందట కాలేజీ ఫంక్షన్‌లో ఈ పిల్ల ఒక గజల్ పాడింది. ఎవరో ఫోన్లో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. దుపట్టా తల మీద ఉంది, గజల్ కూడా మీరూ నేనూ పెళ్లి దావత్‌లలో విని వాహ్ వాహ్ అనేదే. రెండు రోజుల్లో మా దుల్హేభాయికి ఫోన్లు మొదలయ్యాయి. దుబాయ్‌లో ఉన్న తాయా ఫోన్ చేశాడు. ఎప్పుడూ పలకరించని దూరపు ఖాలా కూడా చేసింది. శుక్రవారం జుమా తర్వాత అందరం బాజీ ఇంట్లో కూర్చున్నాం. వీడియో తీయించేశారు. పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో కూడా పాడటం మానేసింది.

ఆ గదిలో నేనూ ఉన్నాను. సురయ్యా మీద, నూర్జహాన్ మీద పేజీలు పేజీలు రాసిన నేను అక్కడ అన్న మాట ఇది: "ఇప్పుడెందుకు, చదువయ్యాక చూద్దాం." అందరూ సబాష్ అన్నట్టు తలలూపారు. ఇంటికొచ్చి బిర్యానీ తిని పడుకున్నాను.

అందుకే ఈ వారం భానుమతి గురించి రాస్తున్నాను. ఈ రెండింటికీ తాల్లుక్ ఏమిటని అడిగేవాళ్లు కాస్త సబర్ పట్టండి.

మా ఇంట్లో ఆవాజ్ అంటే ఉర్దూ ఆవాజే. రేడియోలో సురయ్యా వస్తే అమ్మీ చేతిలో పని ఆపేసేది. నూర్జహాన్ వస్తే అబ్బా కూడా ఆపేసేవారు. భానుమతి మాత్రం 'వాళ్ల' గొంతు, పక్కింటి తెలుగువాళ్ల గొంతు. నేను ఉర్దూ మీడియం ఏడో తరగతిలో ఉండగా ఓ ఆదివారం దూరదర్శన్‌లో తెలుగు 'లైలా మజ్నూ' వేశారు. 1949 సినిమా. లైలా తెలుగులో మాట్లాడుతుంటే నేనూ మా భాయీ పడీ పడీ నవ్వాం. అరబ్బు పిల్ల అచ్చ తెలుగు మాట్లాడటమేంటి అని. మా నానీమా కళ్లెర్రజేసి "చుప్ బైఠో" అంది. కాసేపటికి చూస్తే ఆమె పెదాలు కదులుతున్నాయి. పాటలన్నీ ఆమెకు నోటికి వచ్చు! తెలుగు రాయడం చదవడం రాని మనిషి. ఆ సినిమా వచ్చేనాటికి పోలీస్ యాక్షన్ జరిగి ఏడాది. ఆ రోజుల గురించి నానీమా బతికుండగా ఎప్పుడూ నోరు విప్పలేదు. ఆ రోజుల నుంచి ఆమె వెంట తెచ్చుకున్నవి ఈ నాలుగు పాటలేనేమో అని ఇప్పుడనిపిస్తుంది.

ఆ సినిమా తీసింది భరణీ పిక్చర్స్, అంటే భానుమతి, ఆమె భర్త పి.ఎస్. రామకృష్ణారావుల సొంత కంపెనీ. భరణి వాళ్ల అబ్బాయి పేరు. డైరెక్టర్ రామకృష్ణారావు, సంగీతం సి.ఆర్. సుబ్బరామన్. ఖైస్‌గా అక్కినేని నాగేశ్వరరావు, లైలాగా భానుమతి. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక, పత్రికలో చేరాక ఆ సినిమా మళ్లీ చూశాను. నాకు అప్పుడు తట్టిన సంగతి ఇది. మజ్నూ పాటలు పాడింది ఘంటసాల. తెర మీద అక్కినేని పెదాలు కదుపుతారు. లైలా పాటలు మాత్రం లైలాయే పాడుతుంది. హీరోది అరువు గొంతు, హీరోయిన్‌ది సొంతం.

అదేం పెద్ద బాత్ అంటారేమో. లైలా ఖిస్సా మొదటి నుంచి ఎలా నడిచిందో ఒకసారి చూడండి. బనూ ఆమిర్ కబీలాకు చెందిన ఖైస్ పేరు మీద అరబీలో చలామణి అయ్యే కవిత్వమంతా అతను లైలా గురించి చెప్పింది. ఐదు వందల ఏళ్ల తర్వాత, 1188లో నిజామీ గంజవీ దాన్ని ఫార్సీ మస్నవీగా రాశాడు. మరో నూరేళ్లకు మన అమీర్ ఖుస్రో 'మజ్నూన్ వ లైలా' రాశాడు. ఆ మస్నవీల్లో లైలాకు మాటలు లేకపోలేదు, కానీ దీవానగీ మజ్నూది, షాయరీ మజ్నూది, షోహ్రత్ మజ్నూది. లైలా డేరాలో ఉంటుంది. తండ్రి ఎవరికి కట్టబెడితే వాళ్ల ఇంటికి వెళుతుంది. ఇజ్జత్ పేరు చెప్పి ఆమె నోరు మూయించిన తండ్రిని ఏ షాయరూ గట్టిగా తిట్టినట్టు నేను చదవలేదు. అలాంటి లైలా మద్రాసులో ఓ ఒంగోలు పక్క పల్లెటూరి అమ్మాయి చేతిలో పడి మజ్నూకు సరిసమానంగా పాడింది. మజ్నూకు లేని సొంత గొంతుతో పాడింది.

(అక్కినేని కూడా తొలి సినిమాల్లో తన పాటలు తానే పాడుకున్నవాడే. ప్లేబ్యాక్ వచ్చాక హాయిగా వదిలేశాడు, దాన్నెవరూ తప్పుపట్టలేదు. తర్వాత మద్రాసు కూడా వదిలి హైదరాబాదు వచ్చాడు. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ కట్టాడు. మేము కూర్చున్న ఆసుపత్రి నుంచి కాస్త పైకి వెళితే అదే. మజ్నూ మన బంజారా హిల్స్ చేరాడు, లైలా మద్రాసులోనే ఉండిపోయింది.)

1935లో కలకత్తా న్యూ థియేటర్స్‌వాళ్లు ప్లేబ్యాక్ మొదలుపెట్టాక పాడే హీరోయిన్ల జరూరత్ తీరిపోయింది. పాడేవాళ్లు వేరు, కనబడేవాళ్లు వేరు అయ్యారు. దానివల్ల మంచీ జరిగింది, కాదనను. వహీదా రెహమాన్ తెలుగులో 'రోజులు మారాయి'లో ఆడిన పాట జిక్కీ పాడకపోతే మనకు వహీదా దక్కేదా అన్నది కూడా ఆలోచించాలి. లీల, జిక్కీ, సుశీల లాంటి గొంతులు వచ్చింది ఆ దారిలోనే. దాదాపు అందరూ ఆ దారి పట్టాక కూడా తన పాట తానే పాడాలని పట్టుబట్టి నిలబడ్డ మనిషి భానుమతి. హిందీ వైపు సురయ్యా అలా నిలబడింది. నూర్జహాన్ 1947లో సరిహద్దు దాటి వెళ్లి అక్కడ నిలబడింది. భానుమతి పుట్టింది 1925లో, నూర్జహాన్ మరుసటి ఏడాది, సురయ్యా 1929లో. ఒకే తరం. మనం ఇద్దరిని 'అప్నీ' అన్నాం. మూడో ఆమె మన లైలా వేషం వేసినా పరాయిదే అన్నాం. ఈ బటవారా ఎవరు చేశారో నాకు తెలీదు, మా ఇంట్లో మాత్రం నేనూ పాటించాను.

ఇక ఆమె జిందగీ. ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టింది. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య సంగీతం తెలిసినవాడు, మొదటి ఉస్తాద్ ఆయనే. 1939లో సి. పుల్లయ్య కలకత్తాలో తీసిన 'వరవిక్రయం'లో కాళింది వేషంతో మొదలుపెట్టింది. అది కట్నం మీద కాళ్లకూరి నారాయణరావు రాసిన నాటకం. కట్నం పోసి పెళ్లికొడుకును కొంటున్నారని తెలిసి ప్రాణం తీసుకునే అమ్మాయి కాళింది. మన జోడే కీ రఖమ్ లాంటిదే. మా దుల్హేభాయికి వచ్చిన ఫోన్లలో అన్నిటికంటే ఎక్కువ వినబడ్డ మాట 'రిష్తా'. పిల్ల నోరు మూయించి తెచ్చుకునే ఆ రిష్తాకు మళ్లీ మనమే రఖమ్ పోయాలి.

"వాళ్లకి ఆసాన్ భయ్యా, వాళ్లలో పాట పూజలో భాగం, మనతో పోలికేంటి" అని ఒక దోస్త్ అన్నాడు. ఆసాన్ కాదు. 1939లో ఓ బ్రాహ్మణ షరీఫ్ ఖాందాన్ పిల్ల సినిమాలో వేయడమంటే ఇంటి పరువు బజారున పెట్టినట్టే. హీరో అమ్మాయిని తాకకూడదని తండ్రి షరతు పెట్టాడని సినిమావాళ్లు కథలుగా చెప్పుకునేవారు. షూటింగుకు వెంట తండ్రి ఉండేవాడు. అయితే ఆయన తన భయాన్ని తన దగ్గరే ఉంచుకున్నాడు, కూతురి గొంతు మీద రుద్దలేదు. భయపడని తండ్రి కావాలని నేను అడగడం లేదు. నాకూ కూతురుంది, నాకూ భయమే.

'కృష్ణప్రేమ' సినిమా దగ్గర అసిస్టెంట్ డైరెక్టర్ రామకృష్ణారావు పరిచయం. 1943లో పెళ్లి. అప్పటికే పేరున్న హీరోయిన్, అతనేమో చిరు జీతగాడు. తండ్రికి నచ్చలేదు, పిల్ల పట్టు వదల్లేదు. ఇదే చోట సురయ్యాను గుర్తు చేసుకోండి. దేవానంద్‌ను కోరుకుంది, ఇంట్లో నానీ కుదరదంది, సురయ్యా తల వంచింది. జీవితాంతం నికాహ్ చేసుకోలేదు. 'మిర్జా గాలిబ్'లో గాలిబ్‌ను పాడి నెహ్రూ మెప్పు పొందిన గొంతు అది. 1963 తర్వాత సినిమాల్లో వినబడలేదు. 2004లో ముంబైలో పోయింది. సురయ్యా మీద నేను రాసిన వ్యాసంలో ఆ తల వంచడాన్ని 'ఖుర్బానీ' అని రాసి తెగ మురిసిపోయాను. ఇప్పుడు అది చదివితే సిగ్గేస్తోంది. ఆ పదం రాసిన కలమే కదా, ఆ శుక్రవారం బాజీ ఇంట్లో "చదువయ్యాక చూద్దాం" అన్నది.

పెళ్లయ్యాక భానుమతి సినిమాలు వద్దనుకుని ఇంట్లో కూర్చుంది. బి.ఎన్. రెడ్డి వెతుక్కుంటూ వచ్చి 'స్వర్గసీమ' (1945)లో వేయించాడు. పల్లెటూరి సుబ్బి పట్నం చేరి సుజాతాదేవి అయ్యి ఓ కాపురాన్ని కూలదోసే వేషం. కొత్తగా పెళ్లయిన ఇల్లాలు అలాంటి వేషం వేయడం! ఆమె వేసింది, పాడింది, తెలుగు దేశమంతా ఆ పాట పట్టుకు తిరిగింది. ఆరేళ్ల తర్వాత అదే బి.ఎన్. రెడ్డి 'మల్లీశ్వరి'. దాని గురించి ఎంతోమంది రాశారు కాబట్టి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. రాణివాసపు పల్లకీ వచ్చి మల్లిని తీసుకెళుతుంది. ఊరంతా అదృష్టమంటుంది. కోటలో ఆమెకు అన్నీ ఉంటాయి, బావ ఉండడు, బయటికి దారి ఉండదు. అక్కడ కూడా నాగరాజుగా ఎన్టీ రామారావుకు ఘంటసాల పాడాడు. మల్లికి మల్లే పాడుకుంది.

ఇక 'మిస్సమ్మ'. మొదట ఆ వేషం భానుమతిదే, కొంత షూటింగ్ కూడా అయ్యింది. ఓ రోజు పూజ వల్ల సెట్‌కు ఆలస్యంగా వచ్చిందని, నిర్మాత చక్రపాణి మాఫీనామా రాసిమ్మన్నాడని, ఆమె రాయనందని, తీసిన రీళ్లు తగలబెట్టారని సినీ లోకం ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ మాటల్లో ఎన్ని కలిశాయో ఖుదాకే ఎరుక. వేషం పోయిన మాట మాత్రం నిజం. 1955లో సావిత్రితో సినిమా వచ్చింది, పాటలు లీల పాడింది, సావిత్రి ఎక్కడికో వెళ్లిపోయింది. దాని డైరెక్టర్ ఎవరనుకున్నారు? ఎల్వీ ప్రసాద్. ఆసుపత్రి బెంచీ మీద ఇదంతా చెబుతుంటే భాంజీ అడిగింది: "సారీ అని ఒక్క ముక్క రాసిస్తే అయిపోయేదిగా మామూ, అంత మంచి రోల్!"

నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. తెలుగు సినిమా రాతల్లో భానుమతి పేరు పక్కన 'పొగరు' అన్న మాట నీడలా ఉంటుంది. సెట్లో హీరోలు కూడా జాగ్రత్తగా మసలేవారని మెచ్చుకోలుగా రాస్తూనే చివర చిన్న దెప్పు వేస్తారు. అదే దిలీప్ కుమార్ సీను నచ్చక షూటింగ్ ఆపిస్తే 'పర్‌ఫెక్షన్'. మన ఇళ్లలో దీనికి వేరే లుఘత్ ఉంది. కొడుకైతే ఖుద్దార్, కూతురైతే జిద్దీ. మాట ఒకటే, ఖాతాలే వేరు. ఆమె ఆ వేషం పోగొట్టుకుంది, నష్టపోయింది. కానీ నష్టం కూడా ఆమె ఇంతెఖాబే. ఆమె తరఫున ఇంకెవరో కూర్చుని తేల్చింది కాదు.

ఆ తర్వాత కూలిపోయిందీ లేదు. అప్పటికే 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడింటిలో తానే డైరెక్ట్ చేసింది. సాలిగ్రామంలో భరణీ స్టూడియో నడిపింది. తమిళంలో ఎంజీఆర్ పక్కన ఆలీబాబా కథలో నటించింది. అంటే లైలా ఒక్కటే కాదు, అలీఫ్ లైలా కూడా ఆమె ఖాతాలో ఉంది. 1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్. 1980ల్లో మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాల ప్రిన్సిపాల్. 1984లో 'మంగమ్మగారి మనవడు'లో బామ్మగా కుర్రకారు చేత ఈలలు వేయించుకుంది. 2005 డిసెంబర్ 24న చెన్నైలో కన్నుమూసింది.

నాకు వ్యక్తిగతంగా ఆమె దగ్గరైంది మాత్రం పాటతో కాదు, 'అత్తగారి కథలు'తో. ఉర్దూ మీడియం నుంచి వచ్చి డిగ్రీలో తెలుగు తీసుకున్న నాకు గ్రాంథికం చూస్తే చెమటలు పట్టేవి. నా తలఫ్ఫుజ్ విని క్లాసు నవ్వేది. లైబ్రరీలో ఈ పుస్తకం దొరికింది. మడి కట్టుకుని ఇల్లంతా తన హుకూమత్‌లో ఉంచుకునే అత్తగారు, పక్కన నిలబడి లోపల్లోపల నవ్వుకునే కోడలు. ఆ అత్తగారు అచ్చం మా దాదీయే. మడి బదులు వుజూ, ఆచారం బదులు పాక్-నాపాక్, మిగతాదంతా సేమ్. తెలుగు నాది కూడా అని మొదటిసారి అనిపించింది ఆ పుస్తకం చదివినప్పుడే. నిర్మాతకు మాఫీనామా రాయని ఆ మనిషే అత్తగారి మీద అంత ముహబ్బత్‌గా రాసింది. గొంతున్న ఆడపిల్ల ఇల్లు కూలుస్తుందని భయపడేవాళ్లకు ఆ పుస్తకం కొనిస్తాను, నా ఖర్చుతో.

మజ్హబ్ మాట ఎత్తకుండా దాటేశానని అనుకోకండి. పాట జాయజా నాజాయజా అన్నదాని మీద ఫత్వా ఇవ్వడానికి నేను ముఫ్తీని కాను. ఉలేమాలో ఇఖ్తిలాఫ్ ఉంది. దీన్ కోసం పాట వద్దనుకునే పిల్ల ఉంటే ఆమెకు నా సలామ్, అది ఆమె ఖుద్దారీ. కానీ ఆ శుక్రవారం బాజీ ఇంట్లో గంటన్నర కూర్చున్నాం. ఒక్కరూ ఆయత్ గానీ హదీస్ గానీ ఎత్తలేదు. ఎవరు ఫోన్ చేశారు, ఏమన్నారు, రేపు ఎవరేమంటారు, ఇంతే. చివరికి దీన్ పేరు మీద తీర్మానం చేసి లేచాం. దావత్‌లో మైకు పెట్టించి ఎవరి కూతురో పాడుతుంటే వినేవాళ్లం మనమే. ఆ పిల్లకూ ఒక తాయా ఉంటాడు కదా.

అమ్మీని బయటికి తెచ్చారు. కంటి మీద ప్లాస్టిక్ మూత, దాని మీద నల్లద్దాలు. కొన్నాళ్లు టీవీ వద్దు, ఫోన్ వద్దు అన్నారు. ఇంటికొచ్చిన రెండో రోజుకే ఆమెకు విసుగొచ్చింది. సాయంత్రం భాంజీని పిలిచి, "ఫోన్లో ఏదైనా పెట్టవే" అంది. ఏం పెట్టమంటావు నానీ అంటే, "అదే, మా అమ్మీ పాడేదే, తెలుగు లైలాది" అంది. పిల్ల వెతికి పెట్టింది. ఒకటి అయ్యాక ఇంకొకటి. రెండో పాట మధ్యలో ఫోన్ చార్జింగ్ అయిపోయింది. ఆగిన చోటు నుంచి పిల్ల మెల్లగా అందుకుంది, ఆరు నెలల తర్వాత. నేను వంటింట్లో చాయ్ కాస్తున్నాను. చాయ్ పొంగిపోయింది.

ఆ శుక్రవారం అందరికంటే ముందు 'వీడియో తీసెయ్యండి' అన్నది మా అమ్మీయే. ఇప్పుడు ఆమె ఆపమనలేదు. "కిటికీ వేసెయ్" అని మాత్రం అంది. పిల్ల లేచి కిటికీ వేసి వచ్చి మళ్లీ అందుకుంది.

రాత్రి దుల్హేభాయికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మర్నాడు మెసేజ్ పెట్టాడు, ఆదివారం అమ్మీని చూడటానికి వస్తానని. ఆ గదిలో నేనన్న మాట వాపస్ తీసుకుంటున్నానని అందరి ముందూ ఆయనకు చెప్పాలి. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులుంది. ఏ మాటతో మొదలుపెట్టాలో వెతుక్కుంటున్నాను.